హన్నా కుడికాలు

హైదరాబాద్,
14 నవంబర్ 2023

మామా,

హన్నా మొదటి పందెం పరిగెత్తింది. పదకొండు గుర్రాల్లో ఐదోది. ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజ్ పెడితే నువ్వు కళ్ళజోడు వెతికి చూసేసరికి వారం దాటుతుంది. అందుకే ఉత్తరం. నీకు కావలసింది ఎన్నోది వచ్చిందన్న లెక్క కాదని, ఎలా పరిగెత్తిందన్న సంగతని నాకు తెలుసు.

గేటు తెరుచుకుంది. మిగతా పదీ దూకాయి. మనది మాత్రం జనాన్ని చూస్తూ నిలబడిపోయింది. సగం దూరం దాకా అన్నిటికన్నా వెనకే. ఆ తర్వాత ఏం గుర్తొచ్చిందో గాని ఆరు గుర్రాలను దాటేసింది. దిగాక ఊపిరి ఎంత తొందరగా కుదుటపడిందో! సాయంత్రం పెట్టిన దాణా అంతా తినేసింది. రెండేళ్ళ పిల్లకు ఇవన్నీ మంచి గుర్తులు. పదకొండు వందల మీటర్లు దానికి చాలడం లేదు, దూరం పెరిగే కొద్దీ రాణిస్తుందని నా అంచనా. మా ట్రైనర్ ఓంప్రకాశ్ గారు చూసి నవ్వారు. "డాక్టరమ్మా, మీ మామ పెంచిన పిల్ల ఇంకా నిద్రల్నే ఉన్నది. లేసిన్నాడు జూడు దీని తమాష" అన్నారు.

మీద కూర్చున్నది మన ఇచ్చోడ హారిసే. నీ మాట మీదే కదా ఓంప్రకాశ్ గారు అతన్ని తీసుకున్నది. బస్టాండు దగ్గర గాజుల దుకాణంలో సుగ్రా బేగం కనిపిస్తే చెప్పు, ఆమె కొడుకు పందెం అయిపోయాక గుర్రం మెడ నిమురుతూనే దిగాడని.

ఈ లాయంలో నేనొక్కదాన్నే ఆడ డాక్టర్ని. గుర్రాలను సాకే పెద్ద సైసులు ఇంకా నన్ను పరీక్షగానే చూస్తున్నారు. నిన్న ఒకతను నేను కాలు పట్టుకునే పద్ధతి చూసి, "ఎవలు నేర్పిండ్రు?" అని అడిగాడు. ఇచ్చోడ పశువుల దవాఖానలో ముప్పై ఏళ్ళు కాంపౌండరు చేసిన మా మేనమామ అని చెప్పాను.

నీ స్తుతి

*

ఇచ్చోడ,
23 నవంబర్ 2023

బిడ్డా స్తుతీ,

పోస్ట్‌మన్ నీ ఉత్తరాన్ని ఫారం గేటు దగ్గర ఇచ్చాడు. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. తర్వాత హన్నా తల్లి గుర్రం దగ్గరికి వెళ్ళి దానికి కూడా చదివి వినిపించాను. మన ఫారం యజమాని హనుమండ్లు సేటు చూసి, నాకు చెవులతో పాటు మతి కూడా పోయిందని అనుకున్నాడు.

గేటు భయం పోవడానికి ఒక ఉపాయం. పెద్ద వయసు గుర్రాన్ని పక్కన నిలబెట్టి, ఏమీ పరిగెత్తించకుండా ఊరికే గేటులోకి తీసుకుపోయి తీసుకురండి. వారం రోజులు అంతే. హన్నాకు ఒంటరిగా ఉండడం పడదు. ఇక్కడ ఉన్నప్పుడు కూడా నేను కనబడకపోతే మేత ముట్టేది కాదు. మరొక మాట. నేల గట్టిగా ఉన్న రోజున దాన్ని తొందరపెట్టవద్దు.

సుగ్రా బేగంకు నీ మాటలు చెప్పాను. నా చెవి దగ్గరికి వచ్చి బజారంతా వినేటట్టు అరిచింది. "ఎబినేజర్ భాయ్! నా కొడుకు చిన్నగున్నప్పుడు మ్యాకల మీదనే ఎక్కి కూసుంటుండె! ఇప్పుడు సూడు!" నాకు బలవంతంగా చాయ్ తాగించింది.

మీ అవ్వ, నా చెల్లె రెబెకా, శ్రీరాంపూర్ నుంచి ఫోన్ చేసిందట, సేటు చెప్పాడు. నువ్వు వేళకు తినడం లేదని ఆమె దిగులు. గుర్రాల తిండి గురించి పేజీలు రాస్తావు, నీ తిండి గురించి ఒక్క లైను రాయవు.

మామ ఎబినేజర్

*

హైదరాబాద్,
19 డిసెంబర్ 2023

మామా,

రెండో పందెంలో హన్నా రెండోది! పన్నెండు వందల మీటర్లు. మెడంత తేడాతో పోయింది. నీ ఉపాయం పనిచేసింది, గేటులోంచి అందరితో పాటే దూకింది. నేను మాత్రం సంతోషించలేకపోతున్నాను.

ఆఖరి రెండు వందల మీటర్లలో దాని అడుగు మారిపోతోంది. మొదటి పందెంలో అలసట అనుకున్నాను. ఈసారి వీడియో పదిసార్లు చూశాను. హారిస్ దిగగానే నా దగ్గరికే వచ్చాడు.

"అక్కా, ఆఖరికి వచ్చేసరికి కుడికాలు ముందటికి ఏస్తలేదు. ఎడమ దిక్కు గుంజుతున్నది. నాకైతే నొప్పి ఉన్నట్టే కొడుతున్నది."

నేను మోకాలంతా తడిమి చూశాను. వాపు లేదు. వంచితే కాలు లాక్కోలేదు. కాని లోపలి పక్క, వెంట్రుకల కింద, సన్నటి గీత ఒకటి వేలికి తగిలింది. అక్కడ వెంట్రుక కొంచెం సుడి తిరిగి ఉంది. ఎక్స్‌రే తీద్దామని ఓంప్రకాశ్ గారిని అడిగాను.

"మంచిగ ఉరుకుతున్న పిల్లను ఎక్స్‌రేలని దినాలు ఆపుమంటవా? పుట్టినకాడికెల్లి పెంచినాయన మీ మామనే గదా. రాసి అడుగు. పాత దెబ్బ ఉన్నదంటే రేపే తీద్దాం" అన్నారు.

అందుకే అడుగుతున్నాను. చిన్నప్పుడు కుడి ముందుకాలికి ఏమైనా దెబ్బ తగిలిందా? అవునా కాదా అని రాయి మామా. నువ్వు రాసిందే నా రిపోర్టులో రాస్తాను.

నీ స్తుతి

*

ఇచ్చోడ,
27 డిసెంబర్ 2023

బిడ్డా స్తుతీ,

క్రిస్మస్ బాగా జరిగింది. చర్చికి కొత్త సున్నం వేశారు, ఇంకా ఆరక ముందే ఆరాధన పెట్టారు, పెద్దమనుషులందరి వీపులూ తెల్లబడ్డాయి. నువ్వు ఉంటే నవ్వేదానివి. చలి ఎక్కువగా ఉంది. తెల్లవారుజామున గుర్రాల ముక్కుల నుంచి పొగలు వస్తున్నాయి. పత్తి లారీలు రోడ్డు నిండా ఉన్నాయి. ఫారం గేటు దాటాలంటే అరగంట పడుతోంది.

నువ్వు అడిగిన దానికి జవాబు. దెబ్బ తగలలేదు. ఆ గీత పాలు తాగే వయసులో ముళ్ళకంచె గీరినది. తోలు మీది సంగతే. ఎముక దాకా ఏమీ పోలేదు.

అడుగు ఎందుకు మారుతోందో నాకు తెలిసింది చెబుతాను. హారిస్ చేయి బరువు. వాళ్ళ నాయన ఆదిలాబాద్‌లో టాంగా తోలేవాడు, కొరడా ఆగేది కాదు. ఆ అలవాటు కొడుక్కి కూడా వచ్చింది. కుడి చేత్తో కొరడా ఎత్తితే ఏ గుర్రమైనా ఎడమకే ఒరుగుతుంది. నొప్పి అన్న మాట రైడర్లు తమ తప్పు కప్పుకోవడానికి కూడా అంటారు. ఓంప్రకాశ్ గారితో చెప్పు, అతన్ని కొరడా ముట్టవద్దని మందలించమని.

సుగ్రా బేగంతో ఈ మాట అనవద్దు. ఆమె బాధపడుతుంది.

మామ ఎబినేజర్

*

హైదరాబాద్,
17 జనవరి 2024

మామా,

గెలిచింది! పద్నాలుగు వందల మీటర్లు, రెండు గుర్రాల పొడవు తేడాతో! నా గొంతు పోయింది.

నీ మాటే నిజమైంది. నీ ఉత్తరాన్ని ఓంప్రకాశ్ గారికి చూపించాను. ఆయన హారిస్‌ని పిలిచి అందరి ముందూ గట్టిగా మందలించారు. ఆ కాగితాన్ని అతని ఫైలులో పెట్టించారు కూడా. హారిస్ తల దించుకుని విన్నాడు. బయటికి వచ్చాక నన్ను ఒక్కటే అడిగాడు. "మామ గట్లన్నడా అక్కా? ఎబినేజర్ మామనేనా?" నేను అవునన్నాను. అప్పటి నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడడం లేదు. కాని ఈసారి కొరడా ఎత్తలేదు. గుర్రం గెలిచింది. ఇంకేం కావాలి?

రిపోర్టులో ఇలా రాశాను: పాత గాయం లేదు, ఊపిరి చాలా మంచిది, దూరం పెరిగితే ఇంకా మెరుగు, ఈ యేడు దీని ఈడు ఆడ గుర్రాల్లో మొదటి వరుసలో నిలిచే అవకాశం ఉంది. నేను సంతకం చేసిన మొదటి పెద్ద అంచనా ఇది. ఫిబ్రవరి పన్నెండున పదహారు వందల మీటర్ల పెద్ద పందెం. అందులో దింపుతున్నారు.

గెలిచాక రెండు రోజులు కుడి మోకాలు కొంచెం వెచ్చగా ఉంది. ఎదిగే ఎముక కదా, సహజమే అనుకుంటున్నాను. అంతేనా?

నీ స్తుతి

*

ఇచ్చోడ,
25 జనవరి 2024

బిడ్డా స్తుతీ,

గెలుపు వార్త విన్నాను. సుగ్రా బేగం బస్టాండు అంతా మిఠాయి పంచింది. నా చేతిలో కూడా పెట్టింది.

హన్నాను ఆ పెద్ద పందెంలో దింపవద్దు. వేసవి దాటేదాకా విశ్రాంతి ఇవ్వండి. పదహారు వందల మీటర్లు ఇప్పుడే ఎందుకు? చిన్న పిల్ల. ఓంప్రకాశ్ గారికి నచ్చజెప్పు. మోకాలు వెచ్చబడింది అన్నావు కదా, ఆ ఒక్కటి చాలు ఆపడానికి. పెద్దవాడిని చెబుతున్నాను, విను.

మామ

*

హైదరాబాద్,
30 జనవరి 2024

మామా,

నీ ఉత్తరం అర్థం కాలేదు. డిసెంబరులో ఏమీ లేదన్నావు. ఇప్పుడు ఆపమంటున్నావు. ఓంప్రకాశ్ గారు కారణం అడిగారు. మా మామకు భయంగా ఉంది అని చెప్పనా? మోకాలు మూడో రోజుకే చల్లబడింది. రోజూ చూస్తున్నాను.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. హారిస్ గెలవడం నీకు ఇష్టం లేదా? అతని గురించి అంత మాట రాశావు, గెలిస్తే ఒక్క మంచి మాట రాయలేదు.

కారణం ఉంటే రాయి. వెంటనే ఆపిస్తాను, ఉద్యోగం పోయినా సరే. లేకపోతే మంచి మనసుతో ప్రార్థన చెయ్యి. ఇంకా పన్నెండు రోజులు పైనే ఉంది.

స్తుతి

*

హైదరాబాద్,
16 ఫిబ్రవరి 2024

మామా,

నువ్వు జవాబు రాయలేదు. జవాబు లేదంటే కారణం లేదనే అర్థం చేసుకున్నాను.

సోమవారం పందెం. పన్నెండు వందల మీటర్ల దాకా హన్నా రెండో స్థానంలో హాయిగా వచ్చింది. మలుపు తిరగగానే ఎడమకు ఒరిగింది. హారిస్ అప్పుడే కళ్ళెం బిగించి ఆపబోయాడు. నేను కంచె దగ్గరి నుంచి చూశాను, అతను ఆపుతున్నాడు. ఆలోపే కుడికాలు మడత పడింది. ఇద్దరూ పడ్డారు. వెనక వస్తున్న గుర్రం హారిస్ మీది నుంచి పోయింది.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి అతను మెలకువగానే ఉన్నాడు. కదలలేకపోతున్నాడు. "అక్కా, నేను కొట్టలే. నేను కొట్టలే అక్కా" అంటున్నాడు. అంత నొప్పిలో అతను చెప్పాలనుకున్నది అదొక్కటే.

తుంటి ఎముక, తొడ ఎముక రెండూ విరిగాయి. ఆపరేషన్ అయింది. ఇచ్చోడలో ఉంటే వాళ్ళ అమ్మ ఒక్కతే చూసుకోలేదని, కరీంనగర్‌లో ఉన్న అక్క మహెక్ తన ఇంటికి తీసుకుపోతానంటోంది.

హన్నాకు సూది వేసి ముగించమన్నారు. నేను ఒప్పుకోలేదు. మోకాలికి స్క్రూలు వేశారు. బతుకుతుంది, ఇక పరిగెత్తదు.

ఎక్స్‌రే నా ముందే తీశారు. కొత్తగా విరిగిన చోటు పక్కనే పాతది ఉంది మామా. బాగా మానిన పాత పగులు. ఏడెనిమిది నెలల పిల్లగా ఉన్నప్పటిది అయి ఉంటుందని పెద్ద డాక్టర్ అన్నారు. నెలల తరబడి ఎవరో కట్టు కట్టి, కాలు కింద పెట్టకుండా కాపాడితే తప్ప అంత బాగా అతకదట. "ఎవలో గాని చేయి తిరిగిన మనిషి" అన్నారు.

ఎవరు మామా?

*

ఇచ్చోడ,
22 ఫిబ్రవరి 2024

బిడ్డా,

నేనే.

దానికి ఏడు నెలలప్పుడు, వానల్లో, పశువులు దాటకుండా గేటు ముందు వేసిన ఇనుప కడ్డీల మధ్య కాలు ఇరికింది. నేను వెళ్ళేసరికి గుంజుకుంటోంది. వచ్చిన డాక్టర్ సూది వేద్దామన్నాడు. హనుమండ్లు సేటు సరే అన్నాడు. నేను సేటు కాళ్ళు పట్టుకున్నాను. నాలుగు నెలలు దూలానికి గుడ్డ పట్టీ వేసి, దాని పొట్ట కింద నుంచి ఊతమిచ్చి నిలబెట్టాను. రాత్రీ పగలూ దాని దగ్గరే ఉన్నాను. నడిచిన రోజు నేను ఏడ్చాను.

అమ్మే ముందు సేటు నన్ను పిలిచాడు. "ఎబినేజర్, గా సంగతి నీ నోట్లెకెల్లి బయటికొస్తే గీ పిల్లను ఎవ్వడు కొంటడు? కసాయోడు కొంటడు. నీ ఇష్టం" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

నీకైనా చెప్పి ఉండవచ్చు. కాని నువ్వు డాక్టరువు. తెలిస్తే దాచలేవు. అందుకే నీకు కూడా అబద్ధం రాశాను. రాశాక అది బాగానే పరిగెత్తింది. గెలిచింది. అతికిన ఎముక విరగని ఎముక కంటే గట్టిదని నన్ను నేను నమ్మించుకున్నాను. మోకాలు వెచ్చబడిందని నువ్వు రాసిన రోజు భయం పట్టుకుంది. ఆపమని రాశాను. కారణం రాయమంటే మూడుసార్లు కాగితం ముందు కూర్చున్నాను. రాస్తే నా పాత ఉత్తరం అబద్ధమని తేలుతుంది, నీ ముందు తల ఎత్తలేనని చింపేశాను.

హారిస్ గురించి రాసింది కూడా అబద్ధమే. అతను స్వారీ చేస్తుంటే నేను చూసి ఐదేళ్ళయింది.

మామ

*

హైదరాబాద్,
1 మార్చి 2024

ఎబినేజర్ మామకు,

నువ్వు గుర్రాన్ని బతికించడానికి దాచావు. అది నాకు అర్థమైంది. సేటుకు భయపడి దాచావు. అదీ అర్థమైంది. హారిస్ మీద రాసిన అబద్ధం ఎవరిని బతికించడానికి?

అతను నాకు నిజం చెప్పాడు. మొదటి నుంచీ చెప్పాడు. గుర్రం మీద కూర్చున్నవాడి మాట కాదని, రెండు వందల మైళ్ళ దూరంలో ఉన్న నీ మాట పట్టుకున్నాను. ఎందుకంటే నా ఎనిమిదో ఏట బర్రె కాలు నా చేతిలో పెట్టి, "నొప్పి ఎక్కడుందో అది చెప్పది, నీ వేళ్ళకు తెల్వాలె" అన్నది నువ్వు. డిసెంబరులో నా వేళ్ళకు తెలిసింది మామా. ఆ గీత తగిలింది. నీ ఉత్తరం చదివి నా వేళ్ళనే అనుమానించాను.

ఇప్పుడు రేస్ క్లబ్ విచారణ నడుస్తోంది. కొరడా మొరటుగా వాడతాడని అతని ఫైలులో నీ చేతిరాత ఉంది. దాన్ని చూసి రైడర్ నిర్లక్ష్యం అని రాయబోతున్నారు. అలా రాస్తే అతని లైసెన్సు పోతుంది, వైద్యానికి రావలసిన సాయం ఆగిపోతుంది. నేను జరిగిందంతా రాసి ఇచ్చాను, నీ మాట నమ్మి ఎక్స్‌రే కోసం పట్టుబట్టకపోవడం నా తప్పేనని కూడా రాశాను. అది సరిపోదట. ఉత్తరం రాసిన మనిషే కాదనాలి అన్నారు.

నీ చేత్తోనే రాయి. పాత దెబ్బ సంగతి, సేటు అన్న మాట, హారిస్ గురించి నువ్వు కల్పించింది, అన్నీ. సంతకం చేసి పంపు. నాకు కాదు, నేరుగా రేస్ క్లబ్‌కు.

దాని తర్వాత సుగ్రా బేగం దగ్గరికి వెళ్ళు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి.

స్తుతి

*

శ్రీరాంపూర్,
18 మార్చి 2024

స్తుతీ,

నువ్వు చెప్పినట్టే రాశాను. ఆరు పేజీలు. నోటరీ దగ్గర సంతకం చేసి రిజిస్టర్ పోస్టులో పంపాను. పంపే ముందు హనుమండ్లు సేటుకు చూపించాను. దొంగచాటుగా చేసింది చాలనిపించింది. ఆయన మొదటి పేజీ చదివి, "ఇంకెన్నడు నా గేటు లోపలికి రాకు" అన్నాడు. నేను పెట్టె సర్దుకున్నాను. తల్లి గుర్రం దగ్గరికి పోనివ్వలేదు. ఇప్పుడు మీ అవ్వ ఇంట్లో ఉంటున్నాను. రెబెకా అన్నం పెడుతుంది, మాట్లాడదు.

ఇచ్చోడ వదిలే ముందు సుగ్రా బేగం దుకాణానికి పోయాను. గాజులు సైజు వారీగా విడదీస్తోంది. అంతా చెప్పాను. హారిస్ గురించి నేను రాసింది, వాళ్ళాయన కొరడా గురించి రాసింది, ఒక్క మాట మిగల్చకుండా చెప్పాను. ఎప్పుడూ నా చెవి దగ్గరికి వచ్చి అరిచే మనిషి, ఆ రోజు గొంతు పెంచలేదు. నా ముఖం చూడకుండా, గాజులు విడదీస్తూనే, ఏదో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క మాటా వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడిగే ముఖం నాకు లేదు. ఆమె ఆగాక లేచి వచ్చేశాను.

ఆమె ఏమన్నదో ఎప్పటికీ తెలియదు. తిట్టిందో, అల్లా మీద వేసిందో.

ఒకటి అడుగుతాను. అడిగే హక్కు లేదని తెలుసు. హన్నా ఇక పరిగెత్తదు కాబట్టి లాయంలో ఉంచరు. ఇక్కడ మీ అవ్వ ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, వేపచెట్టు నీడ ఉంది. రెబెకా ఒప్పుకుంది. దాన్ని నా దగ్గరికి పంపు. స్క్రూలు వేసిన మోకాలికి రోజూ చేయవలసింది నాకు తెలుసు. ఇంకేమీ అడగను.

ఎబినేజర్

*

కరీంనగర్,
10 ఏప్రిల్ 2024

మామకు,

విచారణ ముగిసింది. హారిస్ తప్పు లేదని రాశారు. వైద్య సాయం అందింది. ఫైలులోంచి నీ పాత కాగితం తీసేశారు. నీ ఆరు పేజీలు లేకపోతే ఇది జరిగేది కాదు. అది నిజం కాబట్టి రాస్తున్నాను.

ఈ ఉత్తరం మహెక్ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. హారిస్ ఇవాళ నడక బండి పట్టుకుని తలుపు దాకా వచ్చాడు. ఒక కాలు పొట్టిదయింది. మళ్ళీ గుర్రం ఎక్కలేడని డాక్టర్లు అతనికే చెప్పారు. నేను క్షమాపణ అడిగాను. "నువ్వు డాక్టరువక్కా, కాయిదం అడుగుతవ్. నాకాడ కాయిదం లేకుండె" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఓంప్రకాశ్ గారు నన్ను తీసేయలేదు. "ఎక్స్‌రే వద్దన్నది నేనే గదా" అని ఆయన కూడా రాసి ఇచ్చారు. నేను ఉద్యోగంలోనే ఉన్నాను. ఇప్పుడు నా చేతికి వచ్చే ప్రతి పిల్లకూ నాలుగు కాళ్ళూ ఎక్స్‌రే తీయిస్తున్నాను. పెంచినవాళ్ళు వచ్చి ఏదో చెప్పబోతే వినడం లేదు. నాకు ఇలా ఉండడం ఇష్టం లేదు. కాని ఇలాగే ఉన్నాను.

హన్నా గురించి. దాన్ని ఎక్కడికి పంపాలో హారిస్‌ని అడిగాను. అతనికే ఆ హక్కు ఉందనిపించింది. "ఎవ్వలకన్నా ఇయ్యక్కా. మామకు మాత్రం ఇయ్యకు" అన్నాడు. నేను సరే అన్నాను. నీ వేపచెట్టు సంగతి చెప్పిన తర్వాతే అన్నాడు, నేను ఏదీ దాచలేదు.

పోయిన వారం లారీ ఎక్కించాను. దిగేదాకా పక్కనే ఉన్నాను. ఎక్కడికో నీకు రాయను. అవ్వకు కూడా చెప్పలేదు, నువ్వు అడిగితే ఆమె కాదనలేదు. వెతకవద్దు.

మంచి మనుషుల దగ్గర ఉంది. మేత తింటోంది. కుడికాలు మీద బరువు ఆనించి నిలబడుతోంది. నిన్నటి సంగతి ఇది. చూసినదాన్ని నేను, రాస్తున్నది నేను. ఇక నీకు దాని సంగతి తెలిసేది నా మాట మీదే.

స్తుతి